డ్రమ్ములు పక్కన పెట్టిన మాస్టారు

మంగళవారం పొద్దున మూడో పీరియడ్‌లో ఉండగా, నాతో కలిసి వాయించే డోలు విద్వాంసుడు ఫోన్ చేశాడు. పాఠం మధ్యలో ఫోన్ ఎత్తే అలవాటు నాకు లేదు. కానీ ఆయన ఊరికే చేసే మనిషి కాదు. వరండాలోకి వెళ్ళి ఎత్తాను.

“మేడమ్, మన డ్రమ్స్ మాస్టరు పోయినాడు. తెల్లారి నమాజుకు లేసినాడంట. మళ్ళా పండుకున్నోడు లేవలేదంట.”

బెల్లు కొట్టేదాకా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని వరండాలో నిలబడ్డాను.

తిరుపతిలో మాస్టారిని ఎరిగినవాళ్ళు తక్కువ. ఎరిగినవాళ్ళలో సగం మందికి ఆయన ‘పాటను చెడగొట్టే సాయిబు’. చిత్తూరులో బ్యాండుమేళాలకు డ్రమ్ములు బిగించి ఇచ్చే ఇంట్లో పుట్టారు. చిన్న వయసులోనే మద్రాసు వెళ్ళి, పెద్ద హోటళ్ళలో జాజ్ వాయించే బృందంలో కుదిరారు. ఆ సంగీతంలో ముందుగా అనుకున్నది కొంతే, అప్పటికప్పుడు పుట్టేదే ఎక్కువ అని చెప్పేవారు. హోటళ్ళకు ఆ సంగీతం అక్కర్లేకుండా పోయాక చంద్రగిరి వచ్చి, పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాల్లో చేరారు. అందరూ నాలుగు దెబ్బల లెక్కన పోతుంటే ఈయన అందులోకి ఏడు దెబ్బల లెక్క తెచ్చి పెట్టేవారు. డ్రమ్ముల పక్కన స్టాండుకు బిగించే ఇత్తడి పళ్ళెం మీద గొలుసు పరిచి వాయించేవారు. డ్రమ్ము మీద తడిగుడ్డ కప్పి వాయించేవారు. పాడేవాళ్ళు దారి తప్పేవారు. ఒక్కొక్క ట్రూపే ఆయనను వద్దనుకుంది. ఆ ట్రూపుల గురించి ఆయన నోట ఒక్క చెడ్డమాట నేను వినలేదు.

నాకు పరిచయమయ్యేనాటికి ఆయనకు అరవై అయిదు దాటాయి. నేను బళ్ళో సంగీతం టీచర్ని. వయొలిన్ నేర్చుకున్నాను గానీ, వేదిక ఎక్కితే ఎక్కడ తప్పు పోతుందోనని వెనక వరస వెతుక్కునేదాన్ని. ఒకరోజు బడికి వచ్చి, ఆరుగురికి కలిపి ఒక పాట కడుతున్నానని, అందులో నా వయొలిన్ కావాలని అడిగారు. ఇంతకాలం లేనిది ఈ వయసులో పాట కట్టడం ఎందుకు మాస్టారూ అన్నాను.

“ఇన్నేండ్లూ నా సప్పుడే నేను ఇన్నానమ్మా. ఇంక వేరేవాళ్ళది ఇనాల,” అన్నారు.

చిత్తూరు దారిలో ఆయన స్నేహితుడికి మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. కాయలు లేని నెలల్లో ఆ షెడ్డు ఖాళీ. అక్కడ చేరేవాళ్ళం: నేను, ఏర్పేడు నుంచి డోలు విద్వాంసుడు, పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించే ఆయన, పలక డప్పు కొట్టే అన్నదమ్ములిద్దరు. ఆరోవారు మాస్టారే, తన డ్రమ్ముల ముందు. ఆయనకు స్వరాలు రాయడం రాదు. పాత క్యాలెండరు కాగితాల వెనక రంగు పెన్సిళ్ళతో గీతలు గీసి తెచ్చేవారు. నాది ఆకుపచ్చ గీత. లావుగా ఉన్నచోట గట్టిగా, సన్నబడిన చోట మెల్లగా వాయించాలి.

మొదటి నెల అది సంతలాగే ఉంది. ఎవరి గొడవ వాళ్ళది. ఒకనాడు సాధన మాన్పించి అందరినీ రేణిగుంట స్టేషనుకు తీసుకువెళ్ళారు. ఎండలో బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆగి ఉన్న గూడ్సు కదిలింది. ఇంజను దగ్గర పుట్టిన కుదుపు ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు, దాని నుంచి ఆ పై పెట్టెకు ఖణేల్ ఖణేల్‌మంటూ చివరిదాకా పాకింది. “అట్ల అందుకోవాల. అందరూ ఒక్కసారే కదిలితే బండి కదల్దు,” అన్నారు మాస్టారు. మర్నాటి నుంచి మాకు దారి దొరికింది.

కానీ డోలు విద్వాంసుడికి ఆ పాట మింగుడు పడలేదు. పాట నడిమధ్యలో, తాళం పద్దెనిమిది ఆవర్తనాలు తిరిగేదాకా ఆయన ఊరకే కూర్చోవాలి. తాతల నాటి నుంచి దేవుడి ముందర వాయించిన ఇల్లు వాళ్ళది. “డోలు కట్టుకోని రమ్మంటివి. వచ్చినాక వాయించొద్దంటావు. నన్ను పిలిపించింది సూసేదానికా?” అని లేచి వెళ్ళిపోయాడు.

మాస్టారు ఆయనను ఆపలేదు. వారం రోజులు మాకూ కబురు పెట్టలేదు. ఆ తరువాత నన్నూ వెంట పెట్టుకుని ఏర్పేడు వెళ్ళారు. డోలు విద్వాంసుడు మర్యాదగానే కూర్చోబెట్టాడు గానీ ముఖం ముడుచుకునే ఉన్నాడు. మాస్టారు కాగితం చాప మీద పరిచారు. అందులో ఎర్రగీత మాస్టారి డ్రమ్ములది. పాట మొత్తం ఉండాల్సిన ఆ గీత ఎక్కడా లేదు. రబ్బరుతో చెరిపిన మరక మాత్రం కనిపించింది.

“నిన్ను పద్దెనిమిది ఊరకుండమన్నాను. నేను మొత్తం ఊరకుంటా. ఇప్పుడు వస్తావా అప్పా?”

డోలు విద్వాంసుడు చాలాసేపు ఆ మరకనే చూశాడు. ఆ తరువాత భార్యను పిలిచి, సాయిబు మన ఇంట్లో అన్నం తినిపోతాడని చెప్పాడు.

తిరుపతిలో ఒక కాలేజీ హాలులో వాయించాం. సగం కుర్చీలు ఖాళీ. మాస్టారు వేదిక పక్కన నేలమీద, ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చున్నారు. డోలు ఆగిన ఆ చోటే నేను భయపడినంతా అయింది. నా వంతు రాకముందే కమాను తీగ మీద పడింది. ఆపెయ్యబోయాను. అంతలో, ఊరకుండాల్సిన డోలు విద్వాంసుడు కళ్ళు తెరిచి నా స్వరం కింద ఒకే ఒక్క దెబ్బ వేశాడు. మెల్లగా, చెయ్యి ఆనించినట్టు. మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. నేను ఆగలేదు.

అయిపోయాక కొందరు చప్పట్లు కొట్టారు. ముందు వరసలో పెద్దాయన ఒకరు అసలు ప్రోగ్రాం ఎప్పుడు మొదలవుతుందని అడిగారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. మాస్టారు మాత్రం, “అడగనీలేమ్మా, లేసిపోకుండా కూసోని ఇన్నాడు గదా,” అని నవ్వారు.

మర్నాడు కాగితంతో బడికి వచ్చారు. ఆకుపచ్చ గీత ముందుకు జరిగి ఉంది. దాని కింద డోలుకు ఒక చుక్క కొత్తగా చేరింది. “నువ్వు తొందరపడిన కాడ బాగుండాది. ఇంక అట్లనే,” అన్నారు. నేను చేసిన తప్పును నాకే చోటుగా రాసి ఇచ్చిన మనిషి నా జీవితంలో ఇంకొకరు లేరు. ఆ తరువాత ఎన్నిసార్లు వేదిక ఎక్కానో. వెనక వరస మాత్రం మళ్ళీ వెతుక్కోలేదు.

మాస్టారిని నేను చివరిసారి చూసింది పోయిన నెలలో, బస్సు కిటికీలోంచి. చంద్రగిరిలో బస్సు ఆగినప్పుడు, ఒక చిన్న బడి గోడ పక్కన, చేతిలో కూరగాయల సంచితో నిలబడి ఉన్నారు. లోపల పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. ఒక గదిలో రెండో ఎక్కం, పక్క గదిలో ఏడో ఎక్కం, ఒకదాని మీద ఒకటి. దారిన పోయే ఆయన ఒకరు ఆగి పలకరించబోయారు. మాస్టారు ఆయన వైపు తిరక్కుండానే, కాస్త ఆగమన్నట్టు ఒక వేలు పైకెత్తారు. ఆయనా ఆగిపోయారు. మా బస్సు మలుపు తిరిగేదాకా ఆ ఇద్దరూ గోడ పక్కన అలాగే నిలబడి వింటున్నారు.