మేస్త్రి గీయనివ్వని గీత

చనిపోయిన మనిషి చేత సంతకం పెట్టించారు. మా మేస్త్రి శనివారం పొద్దున పోయాడు. ఆయన పేరు మీద సంతకం ఉన్న కాగితంలో తేదీ మంగళవారం. ఆ మంగళవారం ఆయన పెట్టెలో పడుకుని విమానంలో కడప జిల్లాకి వెళ్తున్నాడు.

శనివారం ఆరింటికి నాకు ఫోన్ చేసింది బర్వా అల్ బరాహా కార్మికుల క్యాంపులో ఆయన గదిలో ఉండే నేపాలీ. "ఉస్తాద్ నహీ రహే" అన్నాడు, మేస్త్రి ఇక లేడని. డ్యూటీకి బయల్దేరబోతూ మంచం మీద కూర్చుని ఒక బూటు లేసు కట్టాడట. రెండోది కట్టలేదు. గుండె ఆగింది. నేను వెళ్ళేసరికి ఆ రెండో బూటు మంచం కిందే ఉంది. దాన్ని చూసి ఏడుపు రాలేదు, భయం వచ్చింది. ఇక నా తప్పులకి అడ్డం నిలబడే మనిషి ఈ ఊళ్ళో లేడు.

మొన్న శుక్రవారం ఊళ్ళో ఉమ్ ఘువైలినా పేటలో మన తెలుగువాళ్ళంతా ఆయన కోసం కూర్చున్నారు. చాలామంది వచ్చారు. నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. ముందు వరసలో మా షోరూం మేనేజర్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. "మంచి మనిషి" అని కూర్చున్నాను. ఆ రోజు చెప్పలేనిది ఇప్పుడు రాసి మన వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాను. మేనేజర్ కూడా ఈ గ్రూపులోనే ఉన్నాడు.

మా పని తెలియనివాళ్ళకి చెప్తాను. ఇండస్ట్రియల్ ఏరియాలో మా షోరూంకి ఒక షెడ్డు ఉంది. లోపల ఇరవై దాకా ఇటలీ బండ్లు, పాత కార్లు, రోడ్డు మీద తిరగనివి. ధర పెరిగేదాకా యజమానులు మా దగ్గర దాచిపెట్టినవి. జూలైలో మేం బయట కుతకుత ఉడుకుతుంటే వాటికి మాత్రం ఏసీ ఆగదు. ఊరికే నిలబెడితే బండి చచ్చిపోతుంది. వారానికోసారి ఇంజన్ వేడెక్కించాలి, చక్రాలు ఒకేచోట నొక్కుకుపోకుండా జానెడు జరపాలి, తోలు సీట్లు ఆరిపోకుండా చూడాలి. ఇరవై రెండేళ్ళు మా మేస్త్రి చేసింది ఇదే. నేను వచ్చి నాలుగేళ్ళు.

ఆయన చొక్కాకి గుండీలు ఉండేవి కావు. అన్నీ కోసేసి, వాటి బదులు గుడ్డ తాళ్ళు కుట్టుకున్నాడు. బండి మీదికి వంగితే గుండీ గీసుకుంటుందని. బెల్టు లేదు, ఉంగరం లేదు, గడియారం లేదు. నేను మొదటిరోజు జీన్స్ ప్యాంటు, ఇంత లావు బెల్టు బకిలుతో వెళ్ళాను.

"ఏమబ్బీ, పెండ్లికి వచ్చినావా?" అన్నాడు. "ఆ బకిలు తియ్యి. నీ మూడేండ్ల జీతం ఒక గీతలో పోతాది."

అప్పటినుంచి బండి దగ్గరికి వెళ్ళాలంటేనే చేతులు వణికేవి. ఆయనకి అది నచ్చింది. "భయపడు. భయం ఉండే చెయ్యి గీత పెట్టదు" అనేవాడు.

నేను పదో తరగతి తప్పాను. ఇక్కడికి రాకముందు జగిత్యాలలో లారీలు కడిగేవాణ్ణి. నాకు ఇంగ్లీషు నేర్పింది ఈయన పారేయకుండా దాచిన వేలంపాటల పుస్తకాలు. ఒక్కో పేజీలో ఒక్కో బండి, దాని కథ, కింద ధర. 'సారీ' కంటే ముందు 'ఒరిజినల్' అనే మాట నేర్చుకున్నాను.

ఒకసారి చాయ్ తాగుతూ అడిగాను. "ఇంత రేటు ఎందుకు మేస్త్రీ దీనికి? గోతిలో పడ్డదంటే నడుము ఇరుగుతది. పిల్లలతోని పోనీకి రాదు, సంచి పెట్టనీకి జాగ లేదు."

"ధర బండిలో లేదబ్బీ. చిన్నప్పుడు దీని బొమ్మ గోడకి అంటిచ్చుకున్న్యోడి కడుపులో ఉండాది. ఆ పిల్లోడికి ఇప్పుడు యాభై దాటినాయి, చేతిలో దుడ్డుండాది. వాడు కొంటాడు."

"వాడు పోతే?"

"అదీ ప్రశ్న" అన్నాడు. ఆ రోజు చాలాసేపు మాట్లాడాడు. ఇంకా పాత కాలం బండ్లని ఇష్టపడిన ముసలివాళ్ళు ఒక్కొక్కరే పోతుంటే ఆ బండ్లలో మామూలువి ఎలా దిగిపోతున్నాయో పుస్తకాలు తిప్పి చూపించాడు. రేపటి పిల్లలు కరెంటు బండ్లలో పెరిగినవాళ్ళు, వాళ్ళకి క్లచ్ తొక్కడమే రాదు. కొంతమంది అది రాకపోవడం వల్లే, ఇక అలాంటివి ఎవరూ తయారు చేయకపోవడం వల్లే కావాలనుకుంటారు. కానీ వాళ్ళు మోత విని కొనరు. "కాగితం చూసి కొంటారు. ఈ బండికి ఏం జరిగింది, ఎవురు చెయ్యి పెట్టినారు, నిజం చెప్పినారా లేదా. చెప్పిన తప్పుకి ధర తగ్గుతాది అబ్బీ. దాచిన తప్పుకి బండే పోతాది."

ఈ మాట నాకు ఊరికే చెప్పలేదు. నేను చేసిన తప్పు మీద చెప్పాడు.

వచ్చిన మొదటి నెలలోనే చేశాను. ఒక ఎర్ర బండి, ముప్పై ఏళ్ళది. బానెట్ ఎత్తి చూస్తే లోపల నట్ల మీద, రేకుల మీద పసుపు మైనపు పెన్సిల్‌తో గీతలు, అంకెలు, ఎవరిదో గజిబిజి రాత. ఎవడో పిల్లాడు పాడుచేశాడనుకున్నాను. లారీలు కడిగిన చెయ్యి ఊరుకుంటుందా? పెట్రోలు గుడ్డతో ఒక పూటంతా కూర్చుని ఒక్కటి మిగలకుండా తుడిచాను.

మేస్త్రి వచ్చి చూశాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఎవురు తుడిచినారు రా?"

"నేనే మేస్త్రీ. జర చూడున్రి, అద్దం లెక్క మెరుస్తుంది."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. గొంతు తగ్గించాడు. "అది మురికి కాదబ్బీ. ఆడ ఇటలీలో ఒక మనిషి నట్టు బిగిచ్చి, నేను బిగిచ్చినా, పూచీ నాది అని పెట్టిన గుర్తు. ముప్పై ఏండ్లు ఎవురూ చెరపల్యా. నువ్వు వచ్చిన నెలకే చెరిపినావు."

"మల్ల గీస్త మేస్త్రీ. గసొంటి పెన్సిలే తెస్త. ఎవ్వలికి ఎర్కైతది?"

"నీకు ఎరికే గదా? మల్లా గీసినావంటే అది గుర్తు కాదు, దొంగ సంతకం."

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని మదీనత్ ఖలీఫాలో బండి యజమాని ఇంటికి తీసుకెళ్ళాడు. దారంతా జైలు, వీసా రద్దు, తిరుగు టికెట్టు, అప్పు తెచ్చిన మా నాయన ముఖం, అన్నీ కనబడ్డాయి. యజమాని పెద్దమనిషి. అంతా విన్నాడు. చివరికి "మాఫీ ముష్కిల్" అన్నాడు, ఫర్వాలేదని. "బండి పుస్తకంలో రాసి పెట్టండి" అని మాకు చాయ్ తెప్పించాడు.

బండి మీద జరిగిన ప్రతి పనీ ఎక్కే ఆ పుస్తకంలో మేస్త్రి రాయలేదు. పెన్ను నా చేతికిచ్చాడు. "నీ తప్పు నీ చేత్తోనే రాయి." ఒక్కో అక్షరం చెప్పి రాయించాడు: ఫ్యాక్టరీ పెన్సిల్ గుర్తులు మా షెడ్డులో పొరపాటున చెరిగిపోయాయి అని. కింద ఆయన తెలుగులో సంతకం చేశాడు, తప్పు ఆయనదే అన్నట్టు. అది నేను రాసిన మొదటి ఇంగ్లీషు వాక్యం. సిగ్గుతో పాటు కొంచెం గర్వం కూడా వచ్చి ఫోటో తీసి మా అక్కకి పంపాను.

"ఏం రాసినవ్ రా?" అని అడిగింది.

"చేసిన తప్పు రాసిన."

"దుబాయ్ పోయి తప్పులు రాస్తున్నవా?" అని నవ్వింది. మా ఊళ్ళో ఏ అరబ్బు దేశమైనా దుబాయే.

నిరుడు ఆ పెద్దమనిషి బండిని మా షోరూంకి అమ్మేశాడు. ఇప్పుడు దానికి బయటిదేశం నుంచి బేరం వచ్చింది. కొనేవాడి తరపు మనిషి వచ్చే ఆదివారం చూడటానికి వస్తున్నాడు. రెండు వారాల్లోపు తేదీతో తనిఖీ కాగితం కావాలన్నాడు, అదీ మా మేస్త్రి సంతకంతో. ఆయన పేరు అంత దూరం తెలుసు. ఆయన పోయిన సంగతి మాత్రం వాళ్ళకి తెలియదు.

పెట్టె ఊరికి వెళ్ళిన మర్నాడు, బుధవారం, మేనేజర్ నన్ను పిలిచాడు. గోదావరి జిల్లా మనిషి, మాట తీయగా ఉంటుంది. కాగితం చూపించాడు. ఫ్యాక్టరీ గుర్తులన్నీ చెక్కుచెదరలేదని ఉంది, కింద మేస్త్రి సంతకం ఉంది. పక్కన బండి పుస్తకం ఉంది. నేను రాసిన పేజీ అందులో లేదు. కుట్టు దగ్గర చినిగిన అంచు మాత్రం ఉంది.

"మేస్త్రి సంతకం ఎట్ల వచ్చింది సార్?"

"చూడు నాన్నా, పోయినాయనకి ఇంక పోయేదేముంది చెప్పు? ఆయన పేరుకి ఇంత విలువుందంటే ఆయనకే గౌరవం కదా." సొరుగులోంచి కొత్త పసుపు పెన్సిల్ తీసి నా ముందు పెట్టాడు. "గీతలు చెరిపింది నువ్వేనంట కదా. నువ్వే గీసెయ్యి, లెక్క సరిపోద్ది. పాత ఫోటోలున్నాయి, చూసి గియ్యి. వచ్చే వారం శనివారానికల్లా అయిపోవాలి."

"నాతోని కాదు సార్."

"నీ వీసా వచ్చే నెల రెన్యువల్ అనుకుంటా. గుర్తుందా?" అన్నాడు, నవ్వుతూనే.

నిజం చెప్తున్నాను. మర్నాడు గురువారం ఆ బండి బానెట్ ఎత్తాను. పాత ఫోటో పక్కన పెట్టుకున్నాను. పెన్సిల్ మూత తీశాను. నట్టుకి వెంట్రుకవాసి దూరం దాకా మొన తీసుకెళ్ళాను. నాలుగేళ్ళలో మొదటిసారి బండి మీద నా చెయ్యి వణకలేదు. వణకకపోవడం చూసి నాకు చచ్చేంత భయం వేసింది. మూత పెట్టి వెనక్కి వచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాను.

ఇప్పుడూ భయంగానే ఉంది. ఇది రాస్తుంటే ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడుతున్నాను. రేపు గేటు దగ్గర నా కార్డు పనిచేయకపోవచ్చు. మోసం ఎప్పుడో బయటపడితే మేస్త్రిని ఎవరూ పట్టుకోలేరు, పెన్సిల్ పట్టుకున్నవాణ్ణే పట్టుకుంటారు. అంతకంటే పెద్ద భయం ఇంకొకటుంది. ఇరవై రెండేళ్ళు ఒక్క గీత పడకుండా బతికిన మనిషి పేరు మీద, ఆయన ఒళ్ళు చల్లారకముందే, నా చేత్తో గీత పెట్టిస్తారేమోనని.

మేనేజర్ గారూ, ఇక మీకే. ఆ దొంగ సంతకం కాగితం మా అందరి ముందు చించాలి. చింపిన పేజీ తిరిగి పుస్తకంలో ఉండాలి. దాని ఫోటో మా అక్క ఫోన్లో నాలుగేళ్ళుగా ఉంది, మరిచిపోకండి. మేస్త్రి చనిపోయాడని కొనేవాడికి మీరే రాయాలి. వచ్చే గురువారం మధ్యాహ్నం పన్నెండింటిలోపు ఇదే గ్రూపులో జవాబు చెప్పండి. లేకపోతే ఆ ఫోటో, ఆయన పోయిన తేదీ కొనేవాడికి నేనే పంపుతాను. ఇంగ్లీషులో రాయడం నాకు వచ్చు, ఎవరు నేర్పారో మీకు తెలుసు.

పెన్సిల్ నా దగ్గర లేదు. షెడ్డు తలుపు పక్కన మేకుకి మేస్త్రి చొక్కా ఇంకా వేలాడుతోంది, గుడ్డ తాళ్ళు విప్పి ఉన్నాయి. ఆ చొక్కా జేబులో పెట్టాను. కావాలంటే గురువారం లోపు వచ్చి, అందులో చెయ్యి పెట్టి మీరే తీసుకోండి.