ఓటీపీ ఎవరి ఫోనుకి రావాలి

2023 ఎండాకాలం. విశాఖపట్నం వన్ టౌన్‌లో, రెండు ఆటోలు ఎదురెదురైతే ఒకటి వెనక్కి వెళ్లక తప్పని సందులో అప్పలరాజు గారి దుకాణం. క్రేన్లకు వాడే ఇనుప తాళ్లు, గొలుసులు, కొక్కేలు అమ్ముతారు. నేను ఒక దినపత్రిక డెస్కులో చాలాకాలం పనిచేసి, ఆ తర్వాత చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు తయారుచేసే పనిలోకి వచ్చాను. ఈ పనిలో నన్ను అప్పలరాజు గారంత విసిగించినవాళ్లు మరొకరు లేరు.

ముందు సరుకు సంగతి చెప్పాలి. బరువు ఎత్తేటప్పుడు క్రేను కొక్కేనికి తగిలించే ఇనుప తాడుని స్లింగ్ అంటారు. మోసే బరువుని బట్టి మూడు టన్నులది, ఐదు టన్నులది అని రకాలు; బరువు పెరిగేకొద్దీ తాడు మందమూ పెరుగుతుంది. ప్రతి స్లింగ్‌కీ నంబరు చెక్కిన రేకు ట్యాగు కడతారు. ఇంత బరువు మోస్తుందని ఇంజనీరు పరీక్షించి ఇచ్చే టెస్ట్ సర్టిఫికెట్ మీదా అదే నంబరు ఉంటుంది. పని జరిగే చోట గేటు దగ్గర సేఫ్టీ సిబ్బంది రెండూ సరిచూసుకుంటేనే సరుకు లోపలికి వెళ్తుంది. ఒకప్పుడు కాగితం చూపిస్తే సరిపోయేది. ఇప్పుడు కొన్నిచోట్ల, అమ్మిన దుకాణం సైటులో నంబరు కొట్టి చూస్తామంటున్నారు.

ఆ దుకాణానికి ఇరవయ్యేళ్లుగా ఖాతాదారు గోవిందరావు గారు. ఒక ప్రైవేటు జెట్టీలో ఓడల నుంచి సరుకు దించే కాంట్రాక్టరు. దుకాణం అమ్మకాల్లో దాదాపు సగం ఆయనవే. “నెలాఖరుకి సైటు లేకపోతే నేను వేరే షాపు చూసుకోవాలి, ఏమీ అనుకోవద్దు” అని ఆయన తేల్చేశారు. అందుకే నాకు కబురొచ్చింది.

సైటులో ఒక ముక్క మార్చాలన్నా ప్రతిసారీ నాలాంటివాడిని పిలవకుండా, దుకాణం వాళ్లే రాసుకుని దిద్దుకునేలా వెనకాల ఒక ఏర్పాటు ఉంటుంది. దాన్ని కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, పొట్టిగా సీఎంఎస్ అంటారు. అందులో చాలా రకాలున్నాయి. ఫోన్‌లోంచి కూడా నడిపించగలిగే తేలికపాటివి కొన్ని. పెద్ద పత్రికలు వాడేలాంటివి కొన్ని; వాటిలో ఒకరు రాస్తారు, ఇంకొకరు చూస్తారు, మరొకరు బయటికి వదులుతారు. ఏది ఎంచుకోవాలన్నదే సగం పని. నేను మూడు రకాలను పక్కపక్కన పెట్టి ఒక కాగితం తయారుచేసుకుని వెళ్లాను. అప్పలరాజు గారు దాన్ని మడిచి గల్లాపెట్టె కింద పెట్టారు.

“ఇయన్నీ తరవాత సూద్దాం బావా. ముందు ఇది సెప్పు, క్రేను తిరుగుతాదా, తిరగదా?”

మా ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. రెండో కప్పు టీకి నేను బావనైపోయాను.

“ఏ క్రేను?”

“సైటు తెరవగానే పెద్ద క్రేను గిర్రున తిరగాల. కొక్కేనికి మా షాపు పేరు ఏలాడాల.”

మొదటి సమావేశం క్రేనుకే సరిపోయింది. రెండోది, వాళ్ల నాన్నగారి ఫొటోకి దండ ఏ రంగు ఉండాలన్నదానికి. మూడోసారి పట్టుబట్టి సీఎంఎస్ మాటెత్తాను. ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న.

“తాళం ఎవలి కాడుంటాది?”

అని చొక్కా జేబులోంచి గుండ్రటి రబ్బరు సీలు తీసి చూపించారు. ఆ సీలు పడందే దుకాణంలోంచి ఒక్క కొక్కెం బయటికి పోదు. తండ్రి ఉన్నప్పుడు అది ఆ తండ్రి జేబులో ఉండేదట. ఇప్పుడు ఈయన స్నానం చేసి చొక్కా మారిస్తే తప్ప దానికి జేబు మారదు.

“నాకు తెలకుండా సైటులోకి ఒక్కటి కూడా ఎల్లకూడదు. అలాగ పెట్టు.”

నిజం చెప్పాలంటే ఆ కోరిక నాకు నచ్చింది. డెస్కులో పనిచేసినవాడిని కదా. రాసేవారొకరు, వదిలేవారొకరు అంటే నాకు ఇంటికొచ్చినట్టనిపించింది. పత్రికలకు వాడే రకం సీఎంఎస్ ఎంచుకున్నాను. సర్టిఫికెట్ ఎక్కిస్తే ముందు అది డ్రాఫ్ట్, అంటే చిత్తుప్రతి. అప్పలరాజు గారు పబ్లిష్ నొక్కితే ఆయన ఫోనుకి ఓటీపీ వస్తుంది. అది కొడితేనే బయటికి కనిపిస్తుంది. నిర్వాహకుడిగా నా దగ్గర మరో దారి ఉంటుంది కానీ, దాన్ని వాడనని ఆయనకు మాటిచ్చాను.

వెనక బల్ల దగ్గర సర్టిఫికెట్లు టైపు చేసే రమణమ్మ గారు అప్పుడే తలెత్తారు. యాభై ఏళ్ల మనిషి, రోజూ పెందుర్తి నుంచి బస్సులో వస్తారు. “సార్, ఇది ఫోన్లోంచి ఎక్కించడానికి అవుతాదేటి? గొడౌన్లో సరుకు కాడే ఉండి ఎక్కించేస్తాను” అన్నారు.

“నువ్వుండమ్మా, పెద్దోలం మాటాడతన్నాం కదా” అన్నారు అప్పలరాజు గారు.

పెద్దవాళ్లలో ఒకడిగా నేను కూడా తలూపాను.

సైటు గడువులోపే మొదలైంది. క్రేను తిరిగింది. సర్టిఫికెట్లు మాత్రం కదల్లేదు. రమణమ్మ గారు ఎక్కిస్తారు, ఆయన నొక్కరు. ఫోన్ చేస్తే ఒకరోజు కళ్లజోడు ఇంట్లో మర్చిపోయారు. ఇంకోరోజు ఓటీపీ వచ్చేలోగా ఎవరో కాల్ చేశారు. చివరికి ఒక పద్ధతి కనిపెట్టారు. డ్రాఫ్టుని ప్రింటు తీయించి, కాగితం మీద సీలు కొట్టి, ఫైల్లో పెట్టడం. “సీలు కొట్టీసేను కదా, మరి సైటులో ఎందుకు రాదు?” అని నన్నే నిలదీశారు. రెండు వారాలకి నలభై ఒక్క డ్రాఫ్టులు పేరుకుపోయాయి. నాకు జుట్టు పీక్కోవాలనిపించింది.

ఆ తర్వాత, జెట్టీ గేటు దగ్గర సైటులో నంబరు చూడటం మొదలైన వారంలోనే ఒక బుధవారం, ఉదయం పది దాటాక రమణమ్మ గారి ఫోన్.

“సారూ, గోయిందరావు గారి మనుషులు జెట్టీ గేటు కాడ నిలబడిపోనారు. పొద్దున్న మన కాణ్నించి నాలుగు స్లింగులు ఎల్నాయి. నంబర్లు కొడితే ఏటీ రావట్లేదంట. లోనికి వదలట్లేదు. ఓడ కాసుకునుంది, ఎనమండుగురు కళాసీలు ఎండలో ఉన్నారు.”

“అప్పలరాజు గారేరీ?”

“పన్ను పీకించుకోడానికెల్నారు. ఫోను ఎత్తట్లేదు.”

నేను చేశాను. మూడోసారికి ఎత్తారు. విషయం చెప్పి, “నేను నొక్కనా?” అని అడిగాను.

“ఊఁ.”

“నొక్కొద్దంటారా?”

“ఊఁ.”

ఇంతలో ఒక ఆడగొంతు “పేషెంటు నోట్లో దూది ఉందండీ” అని చెప్పి ఫోన్ పెట్టేసింది.

మళ్లీ రమణమ్మ గారికి చేశాను. ఆమెను లైనులోనే ఉంచి నిర్వాహకుడి దారిలో లోపలికి వెళ్లాను. ఇచ్చిన మాట గుర్తుంది. గేటు దగ్గర ఎండలో నిలబడినవాళ్లూ గుర్తున్నారు. నాలుగు డ్రాఫ్టుల పక్కన టిక్కు పెట్టాను. పబ్లిష్ మీద వేలు పెట్టబోతూ, డెస్కులో అలవాటైన మాట నోటికొచ్చింది.

“నాలుగూ మీరు చూశారు కదా?”

“కాయితాలు సూసేను సార్. సరుకు సూడలేదు. నిన్న బస్సుకని నాను బేగి ఎల్లిపోయేను. ట్యాగులు మా సారే కట్టేరు. నానొచ్చేసరికి సీలు కొట్టి బండి పంపించీసేరు.” కుర్చీ వెనక్కి జరిగినట్టు వినిపించింది. “ఓపాలి ఉండండి సార్. నొక్కకండి.”

చెప్పుల చప్పుడు, ఇనుము ఇనుముకి తగిలిన చప్పుడు వినిపించాయి. రెండు నిమిషాలకి వచ్చారు. రొప్పుతున్నారు.

“మూడే నొక్కండి సార్. నాలుగోది వద్దు.”

“ఏమైంది?”

“ఇక్కడ కొక్కేనికి ట్యాగు లేని స్లింగు ఒకటి ఉండిపోనాది. కొలిచేను. ఇరవైరెండు మిల్లీమీటర్లు. ఇది ఐదు టన్నులది, ఆ నాలుగిట్లో ఐదు టన్నులది ఇదొకటే, గోయిందరావు గారికి ఎల్లాల్సింది. దీని ట్యాగు ఇంకోదానికి కట్టీసేరు సార్. ఐదు టన్నుల ట్యాగు కట్టుకుని మూడు టన్నులది ఎల్లిపోనాది.”

నా వేలు ఇంకా అక్కడే ఉంది. నాలుగో టిక్కు తీసేసి మూడే వదిలాను. ఆవిడ గోవిందరావు గారికి ఫోన్ చేసి ఆ నంబరు స్లింగ్‌ని పక్కన పెట్టించారు. గేటు దగ్గరే కొలిపిస్తే తాడు మందం పద్దెనిమిది మిల్లీమీటర్లే, అంటే మూడు టన్నులదే. ఆ రోజు మొదట ఎత్తాల్సింది నాలుగున్నర టన్నుల మోటారు. తాడు తెగేదని నేను చెప్పలేను. తెగేది కాదని చెప్పే ధైర్యం ఆ గేటు దగ్గర ఎవరికీ లేకపోయింది.

మధ్యాహ్నం దుకాణానికి వెళ్లాను. ఎడమ బుగ్గ ఉబ్బిపోయి అప్పలరాజు గారు గల్లా దగ్గర కూర్చున్నారు. నన్ను చూడగానే, దూది పక్కకి నెట్టుకుని మరీ అన్నారు.

“సూసేవా బావా, నాను నొక్కకపోడం ఎంత మంచిదైందో!”

రెండు వారాలు నా ప్రాణం తీసిన బద్ధకాన్ని ఆయన అప్పటికే ముందుచూపు కింద మార్చేసుకున్నారు.

రమణమ్మ గారు లేచి వచ్చారు. సరుకు పంపేటప్పుడు ఆయన సీలు వేసిన డిస్పాచ్ కాగితాన్ని, ట్యాగు లేని స్లింగ్‌ని, తాడు మందం కొలిచే వెర్నియర్‌ని ఆయన ముందు పెట్టారు.

“సీలు కొట్టినప్పుడు సరుకు సూసేరా సారూ?”

“కాయితం సూసేను కదమ్మా.”

“నానూ కాయితమే సూసుంటే ఈ సారు నొక్కీసేవోరు. ఆ మోటారు గోయిందరావు గారి మనుషుల మీదకొచ్చీసేది.”

అప్పలరాజు గారు స్లింగ్‌ని చేతిలోకి తీసుకుని చివరి నుంచి చివరి దాకా తడిమారు. గ్రీజు వేళ్లకంటింది. కాగితం మీద తన సీలు చూసుకున్నారు.

“ఆ ఓటీపీ ఏదో ఈవిడ ఫోనుకి మార్చీ బావా” అన్నారు చివరికి.

ఓటీపీ ఒక్కటే మారిస్తే చాలదు. ఆ సీఎంఎస్ మొత్తం తీసేసి, నేను మొదట పక్కన పెట్టిన తేలికపాటి దాన్ని పెట్టాను. ఫోన్‌లో నాలుగు గడులు. నంబరు, టన్నులు, మందం, సర్టిఫికెట్. ఐదో గడి రమణమ్మ గారు అడిగి పెట్టించుకున్నది. స్లింగ్‌కి వెర్నియర్ పట్టిన ఫొటో పెట్టకపోతే పబ్లిష్ బొత్తాం కనిపించదు. ఆమె గొడౌన్‌లో సరుకు పక్కనే నిలబడి ఎక్కిస్తారు. గోవిందరావు గారు ఇప్పటికీ అక్కడే కొంటున్నారు.

తప్పు అప్పలరాజు గారిదని చాలా రోజులు చెప్పుకున్నాను. డెస్కులో పత్రిక మీద పేరు ఎడిటరుదే కానీ, రోజూ పేజీ వదిలేది దాన్ని చివరి అక్షరం దాకా చదివిన మనిషి. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసి కూడా తాళం కావాలన్నవారికే తాళం ఇచ్చాను. ఇప్పుడు ఏ వ్యాపారానికి సైటు చేయాలన్నా, సీఎంఎస్ పేర్లు ఎత్తకముందే ఒకటి అడుగుతాను. మీ దగ్గర తప్పు ముందుగా ఎవరి కంటపడుతుంది? వాళ్లని పిలిపించమంటాను. వాళ్ల ఫోను ఎలాంటిదో, వాళ్లు ఎక్కడ నిలబడి పని చేస్తారో చూశాకే మిగతా మాటలు.

తాళం చేతికొచ్చాక రమణమ్మ గారు చేసిన మొదటి పని క్రేనుని తీసేయడం. “అదుంటే నంబరు కొట్టే గడి కిందకి పోతంది సార్, గేటు కాడోలు ఎతుక్కుంటన్నారు” అన్నారు. రెండేళ్లు దాటింది. అప్పలరాజు గారు ఇంకా గమనించలేదు. మొన్న కనిపిస్తే, కొత్తగా సైటు చేయించుకుంటున్న వాళ్ల తోడల్లుడికి నన్ను పరిచయం చేస్తూ, “క్రేను తిరిగేలాగ సేత్తాడు మా బావ” అని చెప్పారు.