నూనె మెరుపు కింద పగుళ్లు

మీ ఇంట్లో గుడ్డ కప్పి అపురూపంగా దాచుకున్న పాత మోటారు సైకిలుంటే, దాని టైరు వయసెంతో చెప్పగలరా? బండి వయసు అడగడం లేదు. అది అందరూ గొప్పగా చెబుతారు.

మా నాన్న లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. రిటైరై వెళ్లిపోతున్న ఒక ఇంజను డ్రైవరు దగ్గర పాత ఇంగ్లీషు మోటారు సైకిలు కొన్నాడు. ఆదివారం అమ్మను వెనక కూర్చోబెట్టుకుని చర్చికి వెళ్లడానికి తప్ప దాన్ని బయటికి తీసేవాడు కాదు. అందుకే ఏళ్లు గడిచినా టైర్ల గీతలు అరగలేదు.

విశ్వకర్మ పూజనాడు వర్క్‌షాపులో ప్రతి యంత్రానికీ దండ పడేది. మావాళ్లు క్రైస్తవులు, దండ వెయ్యరు. కానీ అందరి బండ్లూ ముస్తాబవుతుంటే తమవి బోసిగా ఉండడం వాళ్లకు నచ్చేది కాదు. అదే సాయంత్రం చర్చి ముందు బండ్లన్నీ నిలబెట్టి, పాస్టరుగారితో ప్రార్థన చేయించి, హెడ్‌లైటుకీ టైర్లకీ కొబ్బరినూనె రాయించేవాళ్లు. నాన్న అంతటితో ఆగలేదు. ప్రతి శనివారం ఆ నూనెతోనే టైర్లు తుడిచేవాడు. అవి నల్లగా నిగనిగలాడేవి.

ఒకసారి గాలి కొట్టించడానికి బండి నేను తీసుకెళ్లాను. ఎర్రజెండా కట్టిన పార్టీ గది పక్కన కూర్చునే టైర్ల మిస్త్రీ తడిగుడ్డతో నూనె తుడిచి, టైరు పక్కభాగాన్ని బొటనవేలితో నొక్కాడు. సన్నటి పగుళ్లు తెరుచుకున్నాయి.

"రొబార్ మొరే గేఛే, దాదా," అన్నాడు బెంగాలీలో. రబ్బరు చచ్చిపోయిందట. గీతలున్నంత మాత్రాన టైరు బతికున్నట్టు కాదనీ, నూనె దాన్ని ఇంకా తొందరగా చంపుతుందనీ చెప్పాడు.

ఆ మాట ఉన్నదున్నట్టు ఇంటికి మోసుకొస్తే సరిపోయేది. నేనప్పటికే చర్చావేదికల మీద చప్పట్ల రుచి మరిగినవాణ్ణి.

"మీ పాస్టరుగారి నూనె టైరుని తినేస్తోంది నాన్నా. ప్రార్థనతో పగుళ్లు పూడతాయా?" అన్నాను.

"ఏట్రా, ఇప్పుడు దేవుడి మీదకొచ్చినావా? గీతలు సూడు, ఎంత లోతుగున్నాయో! ఇనుముతో బతికినోడికి నువ్వు సెప్తావేటి?"

"ఓపాలి మార్పించండి మరి," అంది అమ్మ.

"మారిస్తే ఈడి మాటే గెలిసినట్టవుద్ది."

టైరు గురించి మాట్లాడాల్సిన ఇంట్లో మూడు వారాలు దేవుడున్నాడా లేడా అని కొట్టుకున్నాం. ప్రతిసారీ నాదే పైచేయి. ప్రతి శనివారం ఆయన నూనె ఇంకాస్త దట్టంగా రాసేవాడు.

నాలుగో ఆదివారం వాళ్లు బయల్దేరుతుంటే గుమ్మంలో నిలబడ్డాను. నా దగ్గర తర్కం అయిపోయింది. "ఈ ఒక్కరోజు బస్సులో వెళ్లండి," అని బతిమాలాను.

"బస్సు టైర్లు సూసొచ్చినావేటి?" అన్నాడు నాన్న. అమ్మ నవ్వేసింది. కొంగు నడుముకి దోపుకుని వెనక ఎక్కింది.

జి.టి. రోడ్డు మీద ముందు టైరు పక్కభాగం చీలి పేలింది.

నాన్నకు మోచేతులు దోక్కుపోయాయి, అంతే. అమ్మ తుంటి ఎముక విరిగింది. మళ్లీ ఎన్నడూ చేతికర్ర లేకుండా నడవలేదు.

ఆస్పత్రి వరండాలో నాన్న నావైపు చూడకుండా అన్నాడు. "గెలిసినావు గదరా."



మీరు లేవండి. ఇది పక్కన పెట్టి బండి దగ్గరకు వెళ్లండి. గుడ్డ తీసి, టైరు మెరుపు తుడిచి, పక్కభాగాన్ని గట్టిగా నొక్కి చూడండి. పగుళ్లు కనిపిస్తే, ఆ బండి మీ నాన్నదైతే, ఒక్క మాట వాదించకండి. ముందు ఆ టైరు ఊడదీయండి.