కార్డు రీడర్ మీద కుంకుమ

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఒక్క సీడీ బరువు. చేతిలో పెట్టుకుంటే ఉన్నట్టే తెలియదు. అయినా దాని సంగతి మా ఆవిడకు చెప్పలేదు. దేవుడికి కూడా సరిగ్గా చెప్పుకోలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

విశాఖ పోర్టు దగ్గర ఒక బొగ్గు యార్డులో గేటు ఆఫీసులో పనిచేసేవాణ్ణి. లారీ డ్రైవర్లకు, సరుకు ఎత్తిదించే కళాసీలకు చిప్పు ఉన్న కార్డులుండేవి. కార్డును చిన్న పెట్టెలో దూరిస్తే మనిషి పేరు, ఫొటో తెర మీదికి వచ్చేవి. ఆ పెట్టెను రీడర్ అనేవాళ్లం. కంప్యూటర్ కోర్సు చదివి వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. నా పక్క కుర్చీలో సింహాచలం కూర్చునేవాడు. యారాడ మనిషి, తండ్రి సముద్రం మీద వేటకెళ్లేవాడు. కీబోర్డు మీద అక్షరాలు వెతుక్కుంటూ ఒక్క వేలితో కొట్టేవాడు. కానీ ఆఫీసులో కొత్త రిజిస్టరు తెరవాలన్నా, కొత్త లారీకి మొదటిసారి తాళం తిప్పాలన్నా అందరూ అతన్నే పిలిచేవారు. హస్తవాసి మంచిదట. అతను ముట్టుకుంటే ఆగిపోయింది కూడా నడుస్తుందట.

నాకు ఒళ్లు మండేది. అసూయ, వేరే పేరెందుకు? చదువుకున్నది నేను, చెడిపోతే బాగుచేసేది నేను, పేరు మాత్రం అతనిది. పైగా అతను మంచివాడు కావడం మరీ మంట. క్యారేజీ విప్పితే చేపల పులుసు ముందు నా కంచంలోనే వేసేవాడు. తిట్టుకోవడానికి ఒక్క సాకైనా దొరకనివ్వని మనిషిని ఏం చేసుకోవాలి?

ఆ ఏడు దసరాకు కంప్యూటర్‌లో పాత విండోస్ తీసేసి ఎక్స్‌పీ వేయమన్నారు మా మేనేజరు. గేటుకు ఒక పెద్ద ఆపరేటర్‌ని వేస్తారని, అది మా ఇద్దరిలో ఒకరికేనని అందరికీ తెలుసు. మేనేజరు మనసు సింహాచలం వైపే ఉందనీ తెలుసు. పండగ ముందురోజు ఎక్స్‌పీ నేనే వేశాను. కొత్త విండోస్‌లో రీడర్ దానంతటది పనిచేయదని, ఈ సీడీలో ఉన్న డ్రైవర్ ప్రోగ్రాం వేస్తేనే కంప్యూటర్ దాన్ని గుర్తుపడుతుందని రీడర్ అమ్మినవాళ్లు సీడీతో పాటు పంపిన కాగితంలో ఉంది. చదివాను. రెండుసార్లు చదివాను. సీడీని సొరుగులో పెట్టి తాళం వేశాను. ఒక గంట చాలనుకున్నాను. అతను చేయి పెట్టగానే ఆగిపోవాలి, అందరూ చూడాలి, అప్పుడు నన్ను పిలవాలి. అంతే. నిజంగా అంతేనా? ఏమో.

ఆయుధపూజ రోజు గేటు బయట లారీలు నిమ్మకాయల దండలతో బారులు తీరి ఉన్నాయి. సింహాచలం తలస్నానం చేసి, కొత్త చొక్కా తొడుక్కుని వచ్చాడు. కంప్యూటర్‌కి, రీడర్‌కి గంధం రాసి కుంకుమ పెట్టాడు. దండం పెట్టుకుని మొదటి కార్డు దూర్చాడు. తెర మీద ఏమీ రాలేదు. కార్డు తుడిచి మళ్లీ దూర్చాడు. రాలేదు. బయట హారన్లు మొదలయ్యాయి. తడి గంధం, కుంకుమ లోపలికి పోయుంటాయని గుంపులోంచి ఎవరో అన్నారు. ఆ మాట నేను ఊహించనే లేదు. సింహాచలం నా వైపు తిరిగాడు.

"బావా, నానేటైనా పాడు సేసీసినానేటి?"

కాదు అంటే చాలు. ఒక్క మాట.

"సూడాల బావా. కుంకం మరీ ఎక్కువెట్టీసినావు గదా," అన్నాను.

అందరినీ బయటికి పంపి తలుపేసుకున్నాను. సీడీ పెట్టి పది నిమిషాల్లో పని ముగించాను. తర్వాత అరగంట ఊరికే కూర్చున్నాను. రీడర్ పైనున్న కుంకుమను దూదితో తుడిచి, ఎర్రబడ్డ ఆ దూదిని మేనేజరుకు చూపించాను. నోటితో ఏమీ అనలేదు చూశారా, అంత తెలివి నాది.

ఆ తర్వాత సింహాచలం కంప్యూటర్ ముట్టుకోలేదు. ఆపరేటర్ పని వద్దని తనే మేనేజరుకు చెప్పుకుని, లారీలు తూచే కాటా దగ్గర చీటీలు రాసే పనికి వెళ్లిపోయాడు. కుర్చీ నాకొచ్చింది. కొత్త లారీ వస్తే తాళం నా చేతికే ఇచ్చేవారు. కోరుకున్నదే కదా? మరి తిప్పే ముందు ప్రతిసారీ కాటా వైపు ఎందుకు చూసేవాణ్ణి?

రెండేళ్ల తర్వాత కూతురి అక్షరాభ్యాసానికి యారాడ పిలిచాడు. పళ్లెంలో బియ్యం పోశారు. పిల్ల చేయి పట్టి రాయించమని పంతులుగారు తండ్రిని పిలిచారు. సింహాచలం కూర్చోలేదు. నా భుజం పట్టుకుని ముందుకు తోశాడు.

"నా సెయ్యొద్దు బావా. నువ్వు రాయించు. నీ సెయ్యి మంచిది."

నవ్వుతూనే అన్నాడు. నిజం నా నోటిదాకా వచ్చింది. ఇంటినిండా మనుషులు, పంతులుగారు తొందరపెడుతున్నారు. కూర్చున్నాను. ఆ చిన్న చేతిని నా చేతిలోకి తీసుకుని ఓనమాలు దిద్దించాను. అతను గుమ్మం దగ్గర నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు. కుర్చీ తీసుకున్నందుకు కాదు, దీనికే నాకు నిద్ర పట్టదు. ఇంకొకటి కూడా ఉంది, దాచకూడదు. అక్కడ అందరూ నా చేయి వైపు చూస్తుంటే, ఎక్కడో లోపల, నాకు బాగుంది.

రీడర్ లోపల కుంకుమ లేదు. ఒక్క రేణువు కూడా లేదు. ఈ మాట అతని ఎదుట నిలబడి ఎప్పటికైనా అనగలనో లేదో తెలియదు. ఇక్కడైతే అన్నాను.