ఉప్పు లేని షర్బత్

పోయిన వారం రాయపూర్‌లోని పండరీ బట్టల బజారులో కర్టెన్ గుడ్డ కోసం తిరుగుతుంటే ఎక్కడినుంచో పచ్చిమామిడికాయ నిప్పుల మీద కాలుతున్న వాసన వచ్చింది. తొక్క మాడి, లోపలి పులుపు ఉడికి, ఆవిరిగా బయటికి తన్నే వాసన. దుకాణదారు గుడ్డ కొలుస్తూ ఎన్ని మీటర్లని రెండుసార్లు అడిగాడు. నేను చెప్పలేకపోయాను. ఆ వాసనకు నాకు నోరూరాలా, ముఖం తిప్పుకోవాలా అన్నది పదహారేళ్ళుగా తేలలేదు. రెండూ ఒకేసారి జరుగుతాయి. రాస్తేనైనా తేలుతుందేమోనని సుగుణమ్మగారి గురించి రాస్తున్నాను.

ఆవిడ ధర్సీవా దగ్గర మా ఇనుప కడ్డీల ఫ్యాక్టరీలో డిస్పెన్సరీ నర్సు. గుడివాడ వైపు క్రైస్తవ కుటుంబం. భర్త రైల్వే ఉద్యోగం మీద రాయపూర్ వచ్చి, ఆయన పోయాక ఇక్కడే ఉండిపోయింది. పొట్టి మనిషి. చేతికి భర్త గడియారం పెట్టుకునేది, అది మోచేతి దాకా జారుతూ ఉండేది. కార్మికులందరికీ ఆవిడ దీదీ. ఎండాకాలం మొదలైతే డిస్పెన్సరీ వెనక బొగ్గుల కుంపటి వెలిగేది. మామిడికాయలు కాల్చి, గుజ్జు పిసికి, ఉప్పు, నల్లుప్పు, వేయించిన జీలకర్ర పొడి, పుదీనా, పేరుకు కాస్త బెల్లం వేసి పెద్ద డ్రమ్ములో పన్నా కలిపేది. షిఫ్టు మొదలయ్యే ముందు ప్రతి మనిషీ ఆవిడ కళ్ళెదుట ఒక గ్లాసు తాగి లోపలికి వెళ్ళాలి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకు వేరే కూజా, అందులో ఉప్పు నామమాత్రం. ఎవరు ఏ కూజా అన్నది ఆవిడ తలలోనే ఉండేది.

నేను అక్కడ షిఫ్టు ఇన్‌చార్జిగా చేరాను. మాది శ్రీకాకుళం వైపు. ఐదు ఊళ్ళ మీద పెత్తనం చేసిన కుటుంబం. నాన్నగారి నాటికి ఒక్క ఊళ్ళో ఒక్క ఎకరం కూడా లేదు. పెత్తనం పోయినా పద్ధతులు పోలేదు. మా ఇంట్లో అతిథికి ఇచ్చే గ్లాసులో ఉప్పు కలవకూడదు. అతిథికి మారేడు పండు షర్బత్, పటికబెల్లం పానకం. ఉప్పు వేసిన గంజి, తరవాణి, పల్చటి మజ్జిగ పాలేర్లకు. ఇది ఎవరూ కూర్చోబెట్టి చెప్పింది కాదు. అందరికీ తెలుసు, అంతే.

మొదటి రోజు ఆవిడ నాకూ గ్లాసు పట్టుకొచ్చింది.

"తీసుకోండి బాబూ. మీరు తాగితే వెనకవాళ్ళు తాగుతారు."

"నాకు అలవాటు లేదండీ."

"అలవాటు దేనికి? చెమట పట్టదా మీకు?"

"మా ఇళ్ళల్లో ఇలాంటివి..." అని ఆగిపోయాను.

ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసి నవ్వింది. "ఓహో, దివాణం! మా అమ్మమ్మ మీలాంటి దివాణాల్లోనే ఊడుపులకి వెళ్ళేదిలెండి. దొడ్డి గుమ్మం దగ్గర నిలబెట్టి తరవాణి ఎత్తి దోసిట్లో పోసేవారంట. ముంత తగలకూడదు కదా. అయినా పొద్దు గూకేదాకా నడుం పట్టేసేది కాదంట. ఆ ముసలిది చెప్పిన ముక్కే నేనిక్కడ చేస్తున్నాను. చెమటతో పోయింది ఉప్పయితే, తిరిగి పోయాల్సింది కూడా ఉప్పే. పంచదార కాదు."

వరుసలో ముందు నిలబడ్డ దుఖురాం అనే కొలిమి కార్మికుడికి తెలుగు రాదు గాని గ్లాసు నా చేతిలోకి రాలేదన్నది అర్థమైంది. "సాబ్‌కి బాసీ తెచ్చిపెట్టనా దీదీ?" అన్నాడు. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పొద్దున ఉల్లిపాయతో తినడాన్ని ఇక్కడ బాసీ అంటారు. వేసవిలో ఆ నీళ్ళు తాగనిదే వాళ్ళు ఇల్లు కదలరు. అందరూ నవ్వారు. నేను లోపలికి వెళ్ళిపోయాను. ఆ తర్వాత కూడా ఆవిడ నన్ను గౌరవంగానే పలకరించేది. ఆ గౌరవంలో ఎంత వెటకారం ఉందో నాకు ఎప్పుడూ తెలిసేది కాదు.

రెండో వేసవిలో ఆవిడ కూతురి కాన్పుకు వారం రోజులు అభన్‌పూర్ వెళ్ళింది. వెళ్తూ డ్రమ్ము బాధ్యత నాకు అప్పగించింది. కొలతలు కాగితం మీద రాసిచ్చింది. ఆ కాగితం నేను జేబులో పెట్టుకున్నాను గాని, నా మనసు మరోలా పనిచేసింది. ఈ మనుషులు నిప్పు ముందు నిలబడి కడ్డీలు లాగుతారు. వీళ్ళకు పాలేర్లకు పోసే ఉప్పునీళ్ళేనా? నా చేతుల మీదుగా జరిగే వారమైనా అతిథి మర్యాద జరగాలనుకున్నాను. మారేడు పళ్ళు తెప్పించి, గింజలు తీసి, పంచదార పాకం పోసి, గులాబీ నీళ్ళు చల్లి, ఐసు ముక్కలు వేసి షర్బత్ కలిపించాను. నేనే గరిటెతో పోశాను. ఎత్తి కాదు, ఒక్కొక్కరి గ్లాసు చేత్తో పట్టుకుని పోశాను. మారేడు కడుపుకు చలవ, అందులో తప్పేమీ లేదు. వాళ్ళు రెండేసి గ్లాసులు తాగారు. "దావత్ ఇచ్చారు సాబ్" అన్నారు. మా వంశంలో ఎవరూ చేయని పని చేశానని ఆ నాలుగు రోజులు నాకు నేనే గొప్పగా తోచాను.

నాలుగో రోజు మధ్యాహ్నం దుఖురాం కొలిమి ముందు పడిపోయాడు. పిక్కలు, పొట్ట కండరాలు తాళ్ళు మెలిపెట్టినట్టు బిగుసుకుపోయాయి. చేతిలోని పటకారు విడవలేకపోయాడు. మేము వేళ్ళు ఒక్కొక్కటే విప్పదీశాం. ఆస్పత్రిలో డాక్టరు ఒంట్లో ఉప్పంతా చెమటతో పోయిందన్నాడు. "మీ దగ్గర పన్నా పోస్తారుగా?" అని అడిగాడు. నేను మందుల చీటీ తీసుకుని బయటికి వచ్చేశాను. మర్నాడు ఉదయానికి దుఖురాం కుదుటపడ్డాడు. అప్పటికే సుగుణమ్మగారు అభన్‌పూర్ నుంచి బస్సు దిగి నేరుగా అతని మంచం పక్కకు వచ్చి కూర్చుని ఉంది. నన్ను చూసి, "పంచదార బాగా పోయించారంట?" అంది. అంతే.

ఆ సాయంత్రం మేనేజరు గదిలో విచారణ. వెళ్ళేముందే అద్దంలో చూసుకుని చొక్కా సర్దుకున్నాను. పొరపాటు నాది అని హిందీలో ఎలా చెప్పాలో కూడా కూర్చుకున్నాను.

"పన్నా ఆపి షర్బత్ పోయమన్నది ఎవరు?" అన్నాడు మేనేజరు.

నేను గొంతు సవరించుకున్నాను. ఆ సవరించుకోవడంలోనే ఆలస్యమైంది.

"నేనే సార్," అంది సుగుణమ్మగారు. "కాయలు దొరకలేదని బాబు ఫోన్ చేస్తే, షర్బత్ పోసేయమన్నాను. బుద్ధి గడ్డి తిని."

బజారు నిండా కాయలున్న నెల అది. మేనేజరుకు ఆ సంగతి తట్టలేదు. నాకు తట్టింది, నేను మాట్లాడలేదు. ఆ నెలాఖరున ఆవిడను ఇక రావద్దన్నారు. చివరి రోజు తన కుంపటి చల్లారబెట్టి, నా బల్ల దగ్గరికి వచ్చి, ఎవరికి ఏ కూజాయో పేర్లన్నీ నాచేత రాయించింది. "పదకొండో పేరు కింద గట్టిగా గీత గీసి పెట్టుకోండి బాబూ, వాడు దొంగ, పెద్ద డ్రమ్ములోది తాగేస్తాడు," అంది. నేను రాశాను. క్షమించమని అనలేదు. ఎందుకు చేశారని అడగలేదు. అడిగితే దయ అని చెబుతుందేమోనని భయం. దయ తీసుకోవడం నాకు నేర్పలేదు.

అప్పటినుంచి ప్రతి వేసవీ పన్నా నేనే కలుపుతున్నాను, మొదటి గ్లాసు నేనే తాగుతున్నాను. ఆవిడ రెండేళ్ళ కిందట కూతురి దగ్గరే పోయిందని తెలిసింది. వెళ్ళలేదు. పండరీలో ఆ వాసన తగిలిన మర్నాడు మాత్రం ఉండలేక దుఖురాంను పక్కకు పిలిచాను. ఇప్పుడతను ముసలివాడై గేటు దగ్గర కూర్చుంటున్నాడు. ఆ షర్బత్ నా పని అని చెప్పాను.

అతను ఆశ్చర్యపోలేదు. "తెలుసు సాబ్. దీదీ ఆస్పత్రిలోనే చెప్పింది. సాబ్‌ని ఏమీ అనకురా, ఆయన వంగితే విరిగిపోతాడు, మేము వంగడం అలవాటైన వాళ్ళం, అంది."

ఆ రాత్రంతా ఆ మాట అటూ ఇటూ తిప్పి చూశాను. ఒకవైపు నుంచి చూస్తే తల్లి మాట, ఇంకోవైపు నుంచి చూస్తే చెంపదెబ్బ. మర్నాడు ఉదయం షిఫ్టు వరుస ముందు నిలబడి గట్టిగా చెప్పాను. "పదహారేళ్ళ కిందట దుఖురాం పడిపోయింది నావల్ల. దీదీ వల్ల కాదు. ఆవిడ నా తప్పు నెత్తిన వేసుకుని ఉద్యోగం పోగొట్టుకుంది."

వరుస చివరినుంచి ఒకతను, "ఏ దీదీ, సాబ్?" అని అడిగాడు.

అప్పుడు చూశాను. దుఖురాం తప్ప అక్కడ ఆవిడను ఎరిగినవాడు ఒక్కడూ లేడు. ఎవరి ముందు ఆవిడ పరువు పోయిందో వాళ్ళెవరూ మిగలలేదు. సైరన్ మోగింది. గ్లాసులు పెట్టేసి లోపలికి నడిచారు. నేను వంగాను, విరగలేదు. మరి ఆవిడ నన్ను తక్కువగా అంచనా వేసిందా, లేక అప్పుడైతే నిజంగానే విరిగేవాణ్ణా? అడగడానికి మనిషి లేదు. అందుకని ఇప్పుడు రోజూ గ్లాసు అందిస్తూ, ఒక్కొక్కరికీ కొంచెం కొంచెంగా, ఆ దీదీ ఎవరో చెబుతున్నాను.