మిషను విప్పి అడిగిన మాట

కుట్టుమిషన్లు బాగుచేసే అతణ్ని ఆ వీధుల్లో అందరూ నూనెడబ్బా అనే పిలుస్తారు. సన్నమూతి డబ్బా చేతిలో లేకుండా అతణ్ని చూసినవాళ్లు లేరు. మిషన్ల షోరూములో పద్దెనిమిదేళ్లుగా మెకానిక్కు. ఇప్పుడు ఆ ఉద్యోగానికి నీళ్లొదిలి సొంతంగా ఒకటి మొదలుపెట్టాలని పట్టుదల. అతని ఆలోచన ఇదీ: నెలకోసారి దర్జీల దగ్గరికి తనే వెళ్లి, మిషను చెడకముందే నూనె వేసి, బిగించి వస్తాడు. వాళ్లు నెలనెలా చందా కట్టాలి. రాజీనామా కాగితం రాసి జేబులో పెట్టుకున్నాడు. సోమవారం ఇచ్చేయాలి.

ముందు పదిమందిని అడిగి చూడమంది భార్య. ముప్ఫైమందిని అడిగాడు. ముప్ఫైమందీ బ్రహ్మాండం అన్నారు. పేరు రాసుకుంటానంటే మాత్రం ఒక్కరూ ఊఁ అనలేదు. ప్యాంట్లు కుట్టే ఒకాయన నాలుగుసార్లు మెచ్చుకుని నాలుగుసార్లూ వచ్చే నెల చూద్దామన్నాడు.

శనివారం సాయంత్రం సంచి గడపలోనే పడేశాడు.

"జనంలో నిజమనేది చచ్చిపోయింది."

భార్య బట్టలు మడతపెడుతోంది. "ఇంతకీ ఎప్పుడు అడుగుతున్నావయ్యా?"

"పనిచేస్తూనే. ఇంకెప్పుడు?"

"అంటే వాళ్ల మిషను విప్పి ఒళ్లో పెట్టుకుని, నా ఆలోచన ఎలా ఉందంటావ్. బాగాలేదనడానికి ఎవరికి నోరొస్తుంది?"

మంగలి కత్తి గొంతు మీద ఉండగా అతని పాట బాగాలేదన్న మొనగాడు ఏ దేశంలోనూ పుట్టలేదు. నూనెడబ్బాకు ఆపాటి సంగతి తట్టకపోవడంలో వింతేమీ లేదు. పద్దెనిమిదేళ్లుగా అతను మనుషులతో మాట్లాడిందంతా మిషను విప్పాకే. ఊరికే కూర్చుని మాట్లాడడం అతనికి చేతకాదు.

ఆదివారం పొద్దున సంచీ డబ్బా లేకుండా బయల్దేరాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో దూర్చాడు. మొదట బడిపిల్లల యూనిఫారాలు కుట్టే పెద్దావిడ దగ్గరికి వెళ్లాడు.

"సామానేది నాయనా?" అందావిడ.

"పనికి రాలేదు పిన్నీ. ఆ నెలచందా సంగతి ఉన్నదున్నట్టు చెప్పు."

ఆవిడ దారం పళ్లతో తెంపింది. "కోపం తెచ్చుకోకూడదు మరి. నడుస్తున్న మిషను విప్పుతానంటే నాకు గుండె గుభేలుమంటుంది. అది నడిచినన్నాళ్లూ నీ మొహం చూడాలని లేదు. చెడిపోయాక పట్టుకెళ్లి నాలుగురోజులు ఉంచేసుకుంటావే, అప్పుడు చేతులు ముడుచుకు కూర్చుంటాను. అదీ నా ఏడుపు. ఆ నాలుగురోజులకీ ఇంకో మిషను ఇచ్చిపోయేవాడుంటే ఈ క్షణమే పేరు రాస్తాను."

అతనికి ఒళ్లు మండింది. "ఈ ముక్క నెల్రోజుల కిందటే చెప్పొచ్చుగా?"

"అప్పుడు నా మిషను నీ ఒళ్లో ఉందిగా."

అలా ఇచ్చిపోవడానికి సరిపోయే పాత మిషన్లు రెండు ఇంట్లో మంచం కింద దుమ్ముకొట్టుకుపోతున్నాయి. వాటిని ఎప్పుడూ అమ్మేయమని పోరేది భార్యే. అదీ గుర్తొచ్చి మరింత మండింది. జేబులోంచి రాజీనామా కాగితం తీసి, వెనక్కి తిప్పి, ఆవిడ ముందు పెట్టాడు.

"రాయి."

కలం దొరక్క గుడ్డమీద గుర్తులు పెట్టే నీలం సుద్దతోనే రాసిందావిడ.

ఒక్క పేరు. ఇంకా ఇరవైతొమ్మిది గడపలు, అన్నీ మళ్లీ మొదటినుంచి, ఈ ఖాళీ చేతులతోనే. గొణుక్కుంటూ వీధిలోకి దిగాడు.