బుల్లబ్బాయి బండికి పదకొండు రోగాలు

బుల్లబ్బాయికి లోకంలో ఒక్కటే పిచ్చి: బండి మరమ్మతు. వడ్రంగి చెయ్యి తగిలితే బండి మాసిపోతుందన్నట్టు, ఇరుసు నుంచి కాడి దాకా అన్నీ తనే విప్పేవాడు, తనే బిగించేవాడు. నాగలి, గొర్రు, చివరికి పెళ్ళాం కవ్వం కూడా వదల్లేదు. పని మాత్రం నిక్కచ్చి. ఆ సంగతి భార్య మరిడమ్మ కూడా ఒప్పుకునేది, మొగుడి చెవిన పడనివ్వకుండా.

ఆ ఏడాది పిచ్చి ముదిరింది. బాగున్న బండిని కూడా అరకోసుకోసారి ఆపి, కింద దూరి, సుత్తి పుచ్చుకునేవాడు.

మాఘమాసంలో ద్రాక్షారామం బయలుదేరారు. బుల్లబ్బాయి అన్న చిట్టియ్య కూడా బండెక్కాడు. భక్తి పొంగి కాదు, దాపటి ఎద్దు మైలగాడు ముసలివాడైపోయాడని అతని అనుమానం.

"దారిలో రొప్పుతూ చతికిలబడ్డాడో, వచ్చే సంతలో కటికవాడికి తోలేస్తాను," అని ముందే చెప్పాడు. ఇంటికి పెద్ద. అన్నాడంటే చేసేవాడే.

కాలువ గట్టెక్కి అరకోసు పోలేదు. "ఆగాగు! ఏదో చప్పుడు!" అంటూ బుల్లబ్బాయి దూకి బండి కిందికి దూరాడు. ఠంగు, ఠంగు.

"నాకేం వినపడలేదురా."

"నీకు వినపడితే నువ్వే బాగుచేద్దువు కదా అన్నయ్యా!"

తరవాత కందెన చాల్లేదన్నాడు. ఆ తరవాత చీల వదులైందన్నాడు. ఈలోగా కాలువలో గడ్డిపడవ వాళ్ళను దాటిపోయింది. గట్టు మీద తాడు పట్టి పడవ లాగుతున్నవాడు తిరిగి చూసి, "ఏవండోయ్, మీ బండిని కూడా దీని వెనకాల కట్టేయమంటారా?" అన్నాడు.

మరిడమ్మకు తల కొట్టేసినట్టయింది. "మనం చేరేసరికి భీమేశ్వరుడు తలుపేసుకుని పడుకుంటాడు!"

నాలుగోసారి ఆగగానే చెంగు దోపుకుని దిగింది. మొగుడి జుట్టు పట్టి ఈడుద్దామని వంగి చూసింది.

బుల్లబ్బాయి వెల్లకిలా పడుకుని, సుత్తితో ఓ రాతిని కొడుతున్నాడు. ఇరుసు వంక చూడనే లేదు. చూపంతా మైలగాడి డొక్కల మీదే. అవి కొలిమితిత్తుల్లా ఎగిరెగిరి పడుతున్నాయి.

"ఏం చేస్తున్నావయ్యా?"

"అరవకే. వాడికింకా ఊపిరి కుదుటపడలేదు. మరో ఇరవై దెబ్బలు."

నాలిక చివరిదాకా వచ్చిన తిట్టును మరిడమ్మ మింగేసింది.

"ఏంటమ్మా, బండికేమైంది?" అని పైనుంచి చిట్టియ్య అడిగాడు.

"ఏం చెప్పమంటారు బావగారూ! ఇరుసు పుచ్చిపోయింది. ఇంకా చక్రాల మీదున్నామంటే అది మీ పుణ్యం!" అని, మొగుడి చేతిలో సుత్తి లాక్కుని తనే నలభై వాయించింది.

గుడి కనపడేసరికి పదకొండుసార్లు ఆగారు. చిట్టియ్య నడుం పట్టుకుని దిగి, మైలగాడి చుట్టూ తిరిగి చూశాడు. వాడు నింపాదిగా నెమరేస్తున్నాడు.

"ఎద్దుకేం, రాయిలా ఉంది. అమ్మాల్సింది ఈ బండిని! నీకు బండి పని రాదురా. ఒప్పుకో."

మరిడమ్మ చటుక్కున మొగుడి వైపు తిరిగింది. ఇదే మాట అన్నందుకు ఊళ్ళో వడ్రంగితో ఆరేళ్ళు మాట్లాడని మనిషి!

బుల్లబ్బాయి ఓసారి బండి వంక చూశాడు, ఓసారి ఎద్దు వంక చూశాడు.

"అవునన్నయ్యా. నాకు రాదు."

పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో మొగుడు తప్పు ఒప్పుకోగా మరిడమ్మ వినడం అదే మొదలు. తీరా చూస్తే అదీ అబద్ధమే.